నార్వే పూర్వీకుల కమతాన్ని కనుక్కోవడం ఎలా: ఇంట్లోని కాగితం నుంచి కమతం నంబరు వరకు

నార్వే మూలాలున్న అమెరికన్ కుటుంబాలతో వియ్యమందిన తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "మా అల్లుడి ముత్తాత పేరు చివర హౌగెన్ అని ఉంది, ఆ ఊరు నార్వేలో ఎక్కడ?" హౌగెన్ ఊరు పేరు కాదు, కమతం పేరు. నార్వేవారు గోర్ అని పిలిచే ఈ కమతంలో ఇల్లు, పశువుల కొట్టం, పొలం, పచ్చిక అన్నీ కలిసి ఉంటాయి, దానికంటూ ఒక సొంత పేరు ఉంటుంది. హౌగెన్ అనే పేరుతో ఆ దేశంలో వందల కమతాలు ఉన్నాయి. కాబట్టి కమతం పేరుతో వెతుకులాట మొదలుపెట్టినవారు దాదాపు ఎప్పుడూ తప్పుడు చోటికే చేరతారు. ముందు పారిష్ (ఒక చర్చి పరిధిలోని ప్రాంతం), తరువాత మనిషి, ఆ తరువాతే కమతం అన్న వరుసలో కింది పద్ధతి సాగుతుంది.

1. పేరును మూడు ముక్కలుగా విడదీయండి

ఒక కల్పిత వ్యక్తిని తీసుకుందాం: ఓలె లార్సెన్ హౌగెన్, 1851లో పుట్టి, 1870ల చివర మినసోటా చేరినవాడు. ఓలె అతనికి పెట్టిన పేరు. లార్సెన్ అంటే లార్స్ కొడుకు. అతని చెల్లెలు కారి లార్స్‌దత్తెర్ అవుతుంది, తండ్రి లార్స్ ఓల్సెన్ కావచ్చు. హౌగెన్ అనేది ఆ కుటుంబం అప్పటికి ఉంటున్న కమతం, అంటే చిరునామా.

మనలోనూ ఊరి పేరే ఇంటిపేరుగా స్థిరపడిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి, అయితే మన ఇంటిపేరు ఊరు మారినా వెంట వస్తుంది. నార్వే పల్లెల్లో కమతం మారితే పేరులోని మూడో ముక్క కూడా మారేది, పెళ్లాడి భార్య కమతానికి వెళ్లిన మగవాడు ఆ కమతం పేరుతోనే పిలవబడేవాడు. స్థిరమైన ఇంటిపేరును తప్పనిసరి చేసిన చట్టం 1923లో వచ్చింది.

దీనివల్ల రెండు సంగతులు ఎప్పుడూ గుర్తుంచుకోవాలి. ఒకే కమతం పేరున్న ఇద్దరికి రక్తసంబంధం ఉండాలని లేదు. అలాగే ఒకే తల్లి పిల్లల్లో ఒకరు అమెరికాలో లార్సన్‌గా, మరొకరు హౌగెన్‌గా నమోదై ఉండవచ్చు. స్త్రీలు నార్వేలో పెళ్లి తరువాత కూడా తండ్రి పేరుతో ఏర్పడిన పేరునే ఉంచుకునేవారు కాబట్టి, నాయనమ్మను భర్త పేరుతో వెతకడం వృథా శ్రమ.

2. ఇంట్లో, అమెరికాలో ముందుగా సేకరించవలసినవి

నార్వే రికార్డులు తెరవడానికి ముందే ఈ పట్టిక వీలైనంత నింపాలి:

☐ వలస వెళ్లిన వ్యక్తి పేరు, పుట్టిన తేదీ లేదా కనీసం సంవత్సరం
☐ తల్లిదండ్రుల పేర్లు, అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల పేర్లు
☐ పిల్లలందరి పేర్లు, పుట్టిన వరుసలో
☐ వలస వెళ్లిన సంవత్సరం (1900 నాటి అమెరికా జనగణనలో ఈ గడి ఉంది)
☐ లూథరన్ చర్చిలోని పెళ్లి, బాప్టిజం, మరణ నమోదుల నకళ్లు
☐ సమాధి రాయి ఫోటో, పత్రికలో వచ్చిన మరణ వార్త, పౌరసత్వ కాగితాలు
☐ కుటుంబ బైబిల్ మొదటి పుటలు, పాత ఉత్తరాలు, కవర్లపై పోస్టాఫీసు ముద్రలు

వీటిలో అన్నిటికంటే విలువైనది చర్చి నమోదు. అమెరికా మధ్య పడమటి రాష్ట్రాల్లో చాలా లూథరన్ సంఘాలకు నార్వే నుంచి వచ్చిన పాస్టర్లే ఉండేవారు. వారు సభ్యుల పుట్టిన పారిష్ పేరును సరిగా తెలిసి రాసేవారు, అదే సంగతిని అమెరికా ప్రభుత్వ గుమాస్తా "నార్వే" అని ఒక్క మాటతో సరిపెట్టేవాడు.

పిల్లల పేర్ల వరుస ఎందుకంటే, మొదటి కొడుకుకు తండ్రి తండ్రి పేరు, రెండో కొడుకుకు తల్లి తండ్రి పేరు పెట్టడం, కూతుళ్లకూ అదే తీరున నాయనమ్మ, అమ్మమ్మ పేర్లు పెట్టడం అక్కడ బలమైన ఆచారం. అందరూ పాటించారని చెప్పలేం గానీ, తాతల పేర్లు ఊహించడానికి ఇది చక్కగా పనికివస్తుంది. ఒక బిడ్డ చనిపోతే తరువాత పుట్టిన బిడ్డకు అదే పేరు పెట్టేవారు, భార్య పోయి మళ్లీ పెళ్లి చేసుకున్నవాడు కొత్త భార్యకు పుట్టిన మొదటి కూతురికి చనిపోయిన భార్య పేరు పెట్టడమూ మామూలే.

స్పెల్లింగులను మీరు సరిదిద్దవద్దు. కాగితంలో ఎలా ఉంటే అలాగే ఎత్తి రాసుకోండి.

3. పారిష్ తేలనిదే ముందుకు వెళ్లవద్దు

కుటుంబంలో నిలిచిన జ్ఞాపకం చాలాసార్లు పారిష్ పేరు కాదు. వల్ద్రెస్, హల్లింగ్‌దాల్, గుద్‌బ్రాన్స్‌దాల్ అని లోయ పేరో, బెర్గెన్ అని ఓడ ఎక్కిన రేవు పేరో చెబుతారు. ఓలె విషయంలో "వల్ద్రెస్ నుంచి వచ్చాడు" అని మాత్రమే తెలుసనుకుందాం. వల్ద్రెస్ ఒక ప్రాంతం, అందులో వాంగ్, స్లిద్రె, ఉత్తర ఔర్దాల్, దక్షిణ ఔర్దాల్ వంటి పాస్టర్ పరిధులు ఉన్నాయి. ప్రెస్తెయెల్ అనే ఈ పెద్ద పరిధి కింద సొంగ్న్ అనే చిన్న పారిష్‌లు, ఒక్కోదానికి ఒక్కో చర్చి ఉంటాయి. మీరు వెతికే పుస్తకం ఆ పెద్ద పరిధి పేరుతోనే భద్రమై ఉంటుంది.

పారిష్ తేల్చడానికి మూడు దారులున్నాయి.

మొదటిది అమెరికా చర్చి నమోదు, దాని గురించి పైన చెప్పుకున్నాం. రెండవది వలసదారుల పోలీసు రిజిస్టర్లు. క్రిస్తియానియా (నేటి ఓస్లో), ట్రోన్‌హైమ్ రేవుల్లో ఇవి 1867 నుంచి ఉన్నాయి, వాటిలో పేరు, వయసు, చివరి నివాసం, వెళ్లే చోటు రాసేవారు. మూడవది బిగ్దెలాగ్ సంఘాలు. ఒకే ప్రాంతం నుంచి వలస వచ్చినవారు అమెరికాలో పెట్టుకున్న ఈ సంఘాల్లో వల్ద్రెస్ వారిది 1899 నాటిది, వారి దగ్గర వంశావళి తెలిసిన స్వచ్ఛంద కార్యకర్తలు ఉంటారు. విస్కాన్సిన్‌లోని మాడిసన్‌లో ఉన్న నార్వేజియన్ అమెరికన్ వంశావళి కేంద్రం కూడా ఈ దశలో బాగా ఉపయోగపడుతుంది.

జిల్లాల పేర్లు మారాయన్నది మరవవద్దు. 1919కి ముందు జిల్లాను అమ్ట్ అనేవారు, తరువాత ఫిల్కె అయింది. పాత కాగితంలో క్రిస్తియాన్స్ అమ్ట్ ఉంటే అది ఓప్‌లాన్, బ్రాట్స్‌బెర్గ్ అమ్ట్ ఉంటే టెలిమార్క్, దక్షిణ బెర్గెన్‌హూస్ ఉంటే హోర్దలాన్. ఆ హోర్దలాన్ కూడా 2020లో వెస్ట్‌లాన్‌లో కలిసిపోయింది. క్రిస్తియానియా 1925లో ఓస్లో అయింది.

4. జనగణనలో మనిషిని గుర్తించడం

నార్వే జాతీయ ఆర్కైవ్స్ వారి డిజిటాల్‌అర్కివె వెబ్‌సైటు ఉచితం, ఇంగ్లిషులోనూ పనిచేస్తుంది. అందులో పేర్లతో సహా ఉన్న దేశవ్యాప్త జనగణనలు 1801, 1865, 1875, 1891, 1900, 1910, 1920 సంవత్సరాలవి. 1815 నుంచి 1855 వరకు జరిగినవి ప్రధానంగా లెక్కలే, వాటిలో మనిషిని వెతకలేము. జనగణన వివరాలు వందేళ్ల పాటు రహస్యంగా ఉంటాయి కాబట్టి 1930 నాటిది ఇంకా తెరవలేదు.

వెతికే వరుస ఇది:

1. పారిష్ లేదా మునిసిపాలిటీని ఎంచుకోండి.
2. మొదటి పేరు, తండ్రి పేరుతో వచ్చే పేరు మాత్రమే ఇవ్వండి. కమతం పేరు గడిని ఖాళీగా వదలండి.
3. పేరు చివర మారే అక్షరాల బదులు నక్షత్రం గుర్తు వాడండి. ఓలె, ఓలా, ఓలాఫ్ అందరూ ఒకే మనిషి కావచ్చు, లార్సెన్‌ను లార్సన్ అనీ, లార్స్ అనీ రాసి ఉండవచ్చు.
4. పుట్టిన సంవత్సరానికి అటూ ఇటూ రెండేళ్లు ఇవ్వండి.
5. దొరికిన ప్రతి వ్యక్తి ఇంటి మొత్తాన్నీ తెరచి, మీ పట్టికలోని అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల పేర్లతో సరిపోల్చండి.

వయసు దగ్గర ఒక మెలిక ఉంది. 1865 జనగణనలో నడుస్తున్న వయసును రాశారు, అంటే పధ్నాలుగు నిండి పదిహేను నడుస్తున్నవాడికి 15 అని వేశారు. జనగణన తేదీ 1865 డిసెంబరు 31 కాబట్టి, రాసిన వయసును 1866 నుంచి తీసివేస్తే పుట్టిన సంవత్సరం వస్తుంది. మన ఓలెకు 15 అని ఉంటే 1851 సరిపోయింది. 1801లోనూ వయసు ఇదే పద్ధతిలో ఉంటుంది. 1875లో నేరుగా పుట్టిన సంవత్సరమే రాశారు, 1910లో పూర్తి తేదీ ఉంది.

వృత్తి గడిని తప్పక చదవండి, కమతంతో ఆ కుటుంబానికి ఉన్న సంబంధం అక్కడే తెలుస్తుంది. సెల్‌వైయెర్ అంటే సొంతదారు. లైలెన్నింగ్ అంటే కౌలు రైతు. హుస్‌మన్ అంటే పెద్ద కమతం భూమిలో చిన్న ముక్క, ఒక గుడిసె పొంది, బదులుగా ఆ కమతంలో పనిచేసేవాడు. ఇన్నెర్స్ట్ అంటే ఇతరుల ఇంట్లో తలదాచుకున్నవాడు. వలస వెళ్లినవారిలో హుస్‌మన్ కుటుంబాలు చాలా ఉన్నాయి. వారి పేరు చివర పెద్ద కమతం పేరు కనిపించినంత మాత్రాన ఆ భూమి వారిదని అనుకోవద్దు.

5. చర్చి రిజిస్టర్లలో రుజువు చేయడం

జనగణన సూచన మాత్రమే, రుజువు చర్చి పుస్తకంలో ఉంటుంది. పాస్టర్ రాసిన పుస్తకంతో పాటు క్లొక్కెర్ అనే చర్చి సహాయకుడు రాసిన రెండో ప్రతి 1812 తరువాత నుంచి చాలా చోట్ల ఉంది. ఒకదానిలో మరక పడి చదవలేకపోతే రెండోదాన్ని తెరవండి.

వెనక నుంచి ముందుకు నడవండి: వలస, పెళ్లి, కన్ఫర్మేషన్ (బాప్టిజం పొందినవారు యుక్తవయసులో తమ విశ్వాసాన్ని చర్చిలో ధ్రువపరిచే కార్యం), బాప్టిజం. చాలామంది నేరుగా బాప్టిజం వెతుకుతారు, అదే పారిష్‌లో అదే ఏడాది పుట్టిన మరో ఓలె లార్సెన్ దగ్గర ఆగిపోతారు. కన్ఫర్మేషన్ సాధారణంగా 14 నుంచి 16 ఏళ్ల మధ్య జరిగేది, ఆ నమోదులో పుట్టిన తేదీ, తల్లిదండ్రులు, అప్పటి కమతం అన్నీ ఒకే వరుసలో ఉండటం మామూలు. ఓలెకు 1865-67 మధ్య చూడాలి.

ఇక 1851 బాప్టిజం పేజీ. పంతొమ్మిదో శతాబ్దపు అచ్చు గడుల పుస్తకాల్లో ఎడమ నుంచి క్రమసంఖ్య, పుట్టిన తేదీ, బాప్టిజం తేదీ, బిడ్డ పేరు, సక్రమ సంతానమా కాదా అన్న మాట, తల్లిదండ్రుల పేర్లు, వృత్తి, నివాసం, చివరగా సాక్షుల పేర్లు ఉంటాయి. సాక్షుల గడిని వదిలేయడం పెద్ద పొరపాటు. సాక్షులు తరచుగా మేనమామలు, పెద్దమ్మలు, పక్క కమతాల వారు, వారి పేర్ల చివర కమతాల పేర్లు కూడా ఉంటాయి. తల్లి ఏ కమతం నుంచి వచ్చిందో ఒక్కోసారి ఇక్కడే దొరుకుతుంది.

నివాసం గడిలో "హౌగెన్" బదులు "బక్కె ఎయె" అని ఉండవచ్చు. ఎయె అన్న మాట కనిపిస్తే ఆ కుటుంబం బక్కె అనే కమతం భూమిలోని హుస్‌మన్ స్థలంలో ఉందని అర్థం. కుటుంబం తరువాత హౌగెన్‌కు మారి ఉంటుంది. ఇలాంటి మార్పును తప్పుగా భావించి వదిలేయకుండా, ప్రతి బిడ్డ బాప్టిజంలోని నివాసాన్నీ తేదీల వరుసలో రాసుకుంటే కుటుంబం కమతం నుంచి కమతానికి మారిన తీరు బయటపడుతుంది.

పాత పుస్తకాల్లో తేదీ బదులు చర్చి పండుగ ఉంటుంది. "ట్రినిటీ తరువాత మూడో ఆదివారం" అని 1785లో ఉంటే, ఆ ఏడు ఈస్టర్ మార్చి 27న వచ్చింది. ట్రినిటీ ఆదివారం ఈస్టర్‌కు ఎనిమిది వారాల తరువాత, అంటే మే 22న. అక్కడి నుంచి మూడు వారాలు లెక్కిస్తే జూన్ 12. అది బాప్టిజం తేదీ, పుట్టిన తేదీ కాదు.

రుజువుకు కనీసం ఇవి కుదరాలి:

☐ పేరు, తండ్రి పేరు, తల్లి పేరు
☐ పుట్టిన తేదీ (అమెరికా సమాధిపై ఉన్నదానితో ఏడాది తేడా ఉన్నా ఫర్వాలేదు, రోజు, నెల కలవాలి)
☐ కనీసం ఒక తోబుట్టువు అదే తల్లిదండ్రులతో
☐ అదే పేరున్న మరో బిడ్డ ఉంటే, అతను చనిపోయాడనో, ఊళ్లోనే పెళ్లి చేసుకున్నాడనో చూపే నమోదు
☐ వలస వెళ్లినవారి జాబితాలో పేరు

6. గోతిక్ చేతిరాతను ఎదుర్కోవడం

పాత చర్చి పుస్తకాలు రాసిన ఈ లిపిలో ఇంగ్లిషు "ఇ", "ఎన్", "ఆర్", "యు" అక్షరాలు ఒకే రకం గీతల్లా కనిపిస్తాయి. అక్షరాల చార్టు కంటే మెరుగైన ఉపాయం ఒకటుంది: చదవడానికి కూర్చునే ముందే ఆ పారిష్‌లోని కమతాల పేర్లన్నీ 1886 భూమి జాబితా (దాని గురించి ఏడో భాగంలో ఉంది) నుంచి అచ్చు తీసి పక్కన పెట్టుకోండి. తెలియని పేరును చదవడం కష్టం, జాబితాలో ఉన్న పేర్లలో ఏదో పోల్చుకోవడం చాలా తేలిక. తరువాత అదే పాస్టర్ రాతలో నెలల పేర్లు, ఓలె, అన్నె, కారి వంటి తెలిసిన పేర్లు చూసి, ఆయన అక్షరాల తీరు ఒక కాగితం మీద గీసుకోండి.

నార్వే అక్షరమాలలో మూడు అదనపు అక్షరాలున్నాయి: "ఎ", "ఇ" కలిసినది, అడ్డగీత ఉన్న "ఓ", పైన చిన్న సున్నా ఉన్న "ఎ". ఇవి అక్షరమాల చివర వస్తాయి. సున్నా ఉన్న అక్షరం 1917 స్పెల్లింగ్ సంస్కరణతో వచ్చింది, అంతకు ముందు దాని స్థానంలో రెండు "ఎ"లు రాసేవారు. కాబట్టి సున్నా ఉన్న "ఎ"తో మొదలయ్యే ఓసెన్ అనే కమతాన్ని పేర్ల సూచికలో మొదటి పేజీలో వెతికి లేదనుకోవద్దు, అది చివరి పేజీలో ఉంటుంది.

7. కమతానికి నంబరు పట్టుకోండి

పేర్లు మోసం చేస్తాయి, నంబర్లు అంత తేలిగ్గా చేయవు. నార్వేలో భూమిశిస్తు జాబితాను మత్రికెల్ అంటారు. 1838 నాటి జాబితాలో ప్రతి కమతానికి మత్రికెల్ నంబరు, అందులోని ప్రతి వాటాకు క్రమసంఖ్య ఉన్నాయి. 1886లో ఈ పద్ధతిని మార్చి, కమతానికి గోర్డ్ నంబరు, దాని వాటాకు బ్రూక్ నంబరు ఇచ్చారు.

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. 1865, 1875 జనగణనల్లో కనిపించేవి 1838 నంబర్లు. 1891 నుంచి కొత్త నంబర్లు. 1875లో 42 అని చూసి ఆధునిక పటంలో 42 వెతికితే వేరే కమతం దగ్గర తేలతారు. 1886 మత్రికెల్‌లో కొత్త నంబర్ల పక్కనే పాతవి కూడా అచ్చయ్యాయి, మధ్య వంతెన అదే.

1. జనగణన నుంచి పాత నంబరు రాసుకోండి.
2. 1886 జాబితాలో అదే మునిసిపాలిటీ తెరచి, పాత నంబరు గడిలో దాన్ని పట్టుకోండి.
3. ఎదురుగా ఉన్న గోర్డ్, బ్రూక్ నంబర్లు, యజమాని పేరు రాసుకోండి.
4. 1950 నాటి మత్రికెల్ ముసాయిదాలో ఆ నంబర్లు నిలిచాయో లేదో చూడండి.
5. నార్వే భూపట సంస్థ ఆన్‌లైన్ పటంలో కమతం పేరుతో పాటు నంబరు సరిచూడండి.

చివరి మెట్టులో తేడా వస్తే కంగారు పడవద్దు. 1960ల తరువాత మునిసిపాలిటీలు కలిసినప్పుడు, రెండు చోట్ల ఒకే నంబరు రాకుండా గోర్డ్ నంబర్లకు వంద, రెండు వందలు కలపడం మామూలుగా జరిగింది.

ఉత్తర హౌగ్, దక్షిణ హౌగ్, ఎగువ బక్కె, దిగువ బక్కె వంటి పేర్లు ఒకే కమతం అన్నదమ్ముల మధ్య చీలిన గుర్తులు. వాటా ఏదో తేల్చకుండా "హౌగ్" అని మాత్రమే రాసుకుంటే మొత్తం పని సగంలో ఆగినట్టే.

8. కమతం పేరు అర్థం చూడటం

ఓలుఫ్ ర్యూగ్ మొదలుపెట్టిన "నోర్ష్కె గోర్డ్‌నావ్నె" 1897 నుంచి 1936 వరకు 19 సంపుటాలుగా వచ్చింది. అది 1886 నంబర్ల ప్రకారం ప్రతి కమతానికి స్థానిక ఉచ్చారణ, పాత పత్రాల్లోని రూపాలు, అర్థం ఇస్తుంది. ఆన్‌లైన్‌లో వెతకవచ్చు. నంబరు తెలిసిన తరువాతే దాన్ని తెరవండి.

పేరు చివరి భాగం ప్రాంతాన్ని ఊహించడానికి కొంత పనికివస్తుంది. అడవి నరికి సాగుచేసిన చోటును చెప్పే "రూద్" తూర్పు నార్వేలో, "త్వైత్" పడమర, దక్షిణాల్లో ఎక్కువ. "లాన్" అనేది నైరుతిలో విస్తారం. హౌగెన్, బక్కెన్, మూయెన్ వంటి పేర్లు తరచుగా తరువాతి కాలపు చిన్న కమతాలవి, హుస్‌మన్ స్థలాలవి. అయితే నేటి స్పెల్లింగ్ చూసి సొంతంగా అర్థం చెప్పుకోవడం ప్రమాదకరం. బేరుమ్ చివరి "ఉమ్" చూస్తే ఏమీ తోచదు, దాని పాత రూపం బెర్గ్‌హైమ్ అని తెలిస్తే కొండ, నివాసం అన్న రెండు మాటలూ స్పష్టమవుతాయి.

9. బిగ్దెబోక్: ముందు చదవాలా, చివర చదవాలా?

స్థానిక చరిత్ర గ్రంథాలైన బిగ్దెబోక్‌లు కమతం వారీగా, తరం వారీగా అక్కడ నివసించిన కుటుంబాలను ఇస్తాయి. మీ పారిష్‌కు మంచి బిగ్దెబోక్ ఉంటే నెలల పని ఒక సాయంత్రంలో తేలిపోవచ్చు. అయినా చర్చి నమోదు చేతిలో ఉన్న తరువాతే చదవమని నా సలహా. అందంగా అచ్చయిన వంశక్రమం చూశాక అది మన కుటుంబమేనని నమ్మాలనిపిస్తుంది, తేడాలు కంటికి ఆనవు. సొంతదారుల వివరాలు నిండుగా ఉండి, హుస్‌మన్ కుటుంబాలు రెండు వాక్యాల్లో ముగిసిన పుస్తకాలూ ఉన్నాయి.

అమెరికాలో ఉత్తర డకోటా విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో వీటి పెద్ద సేకరణ ఉంది. నార్వే జాతీయ గ్రంథాలయం చాలా వాటిని స్కాన్ చేసింది, అయితే కాపీహక్కు ఉన్నవి మామూలుగా నార్వే లోపలి ఇంటర్నెట్ కనెక్షన్‌తోనే తెరుచుకుంటాయి. ఓస్లోలోనో స్టావాంగర్‌లోనో ఉద్యోగం చేస్తున్న బంధువు ఉంటే అడగవలసిన సహాయం ఇదే.

10. దారి ఆగిపోయినప్పుడు

బాప్టిజం దొరకలేదా? పక్క పారిష్ చూడండి, చలికాలంలో దగ్గరి చర్చికి తీసుకెళ్లి ఉండవచ్చు. తరువాత మరో ఏడాది ముందుకు, వెనక్కు వెళ్లండి.

తండ్రి పేరు ఒక చోట లార్స్, మరో చోట లావ్రిత్స్ అని ఉందా? ఒకే పేరుకు రెండు రూపాలు, ఇబ్బంది లేదు. తల్లి పేరు మారితే మాత్రం ఆగి, మొదటి భార్య మరణ నమోదు వెతకండి.

కుటుంబం ఒక కమతంలో హఠాత్తుగా ప్రత్యక్షమైందా? పంతెబోక్ అనే ఆస్తి పత్రాల రిజిస్టరులో కొనుగోలు దస్తావేజు, వృద్ధ తల్లిదండ్రులకు తిండి, వసతి ఇస్తానని రాసిన ఒప్పందం ఉండవచ్చు. షిఫ్తె అనే ఆస్తి పంపకాల పత్రాల్లో వారసులందరి పేర్లు, ఉన్న చోట్లు ఉంటాయి. అమెరికా వెళ్లిన కొడుకు కూడా అందులో కనిపించే అవకాశం ఉంది.

11. కమతానికి ఉత్తరం రాయడం

నేటి యజమాని మీ పూర్వీకుల వారసుడు కాకపోవచ్చు, కమతం ఎన్నో చేతులు మారి ఉంటుంది. అందుచేత మొదటి ఉత్తరం ఆ మునిసిపాలిటీలోని హిస్తోరియెలాగ్ అనే స్థానిక చరిత్ర సంఘానికి రాయడం మర్యాద, ప్రయోజనకరం కూడా. హుస్‌మన్ స్థలాలు చాలావరకు నేటి పటాల్లో లేవు, అవి ఎక్కడుండేవో చెప్పగలిగేది వారే.

ఉత్తరం ఒక పేజీ మించకూడదు, అందులో ఇవి ఉండాలి:

☐ పూర్వీకుడి పూర్తి పేరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు
☐ పారిష్, చర్చి పుస్తకం సంవత్సరం, నమోదు క్రమసంఖ్య, స్కాన్ పేజీ లింకు
☐ గోర్డ్ నంబరు, బ్రూక్ నంబరు, 1838 నాటి పాత నంబరు
☐ వలస వెళ్లిన సంవత్సరం, అమెరికాలో స్థిరపడిన కౌంటీ
☐ మీరు అడుగుతున్న ఒకే ఒక్క ప్రశ్న

"మా కుటుంబం గురించి తెలిసినదంతా చెప్పండి" అన్న ఉత్తరానికి జవాబు రావడం కష్టం. "1865లో బక్కె కింద ఉన్న హౌగెన్ హుస్‌మన్ స్థలం నేటి ఏ బ్రూక్ నంబరులో ఉంది?" అని అడిగితే, తెలిసినవారు పటం తెరచి చూపిస్తారు.